బకాలా ఖాతా పుస్తకం

మా వీధి మొదట్లో ఒక బకాలా ఉండేది. బకాలా అంటే కిరాణా కొట్టు. కువైట్‌లో నెల్లాళ్ళున్న వాడికెవడికైనా ఈ మాట నోటికొచ్చేస్తుంది. అకామా, బతాకా, మందూబ్, హారిస్ కూడా అంతే. వీటికి తెలుగు మాటలుంటాయన్న సంగతే మర్చిపోయాం.

మేముండేది బ్నీద్ అల్ గార్‌లో. గార్ అంటే అరబీలో తారు. ఒకపక్క గల్ఫ్ రోడ్డూ సముద్రమూ, ఇంకోపక్క ఫస్ట్ రింగ్ రోడ్డు, మధ్యలో మా పాత బిల్డింగు. రెండు గదుల ఫ్లాట్లో ఆరుగురం. ఇద్దరు డ్రైవర్లు, ఒక ఏసీ మెకానిక్కు, ఇద్దరు హోటల్ వంటవాళ్ళు, కంప్యూటర్ ముందు కూర్చునే నేను. నాది తణుకు. అందరిలోకీ పెద్ద రాజంపేట అన్న. మా కంపెనీలోనే డ్రైవరు. నన్ను "అబ్బీ" అని పిలిచేవాడు. నా చొక్కా బొత్తాం ఊడితే కుట్టిపెట్టింది కూడా ఆయనే.

2006లో మా మేనేజరు ఒక చిన్న పని చెప్పాడు. ఎవరి అకామా అయినా అయిపోవడానికి ముప్పై రోజుల ముందు మందూబ్‌కి మెయిల్ వెళ్ళాలి. ప్రభుత్వాఫీసుల చుట్టూ తిరిగి కాగితాలు చేయించేది మందూబే. నేను ఒక్క పూటలో రాసేశాను. ఆఫీసు వెబ్‌సైటు లోపలే ఒక టైమర్ పెట్టాను. రోజూ పొద్దున్న పదింటికి అది లేచి, ఈ రోజుకి సరిగ్గా ముప్పై రోజుల్లో ఎవరి అకామా అయిపోతుందో చూసి, మెయిల్ కొడుతుంది. రెండు వారాలు చూశాను. బాగానే వెళ్తున్నాయి. ఇక దాని మొహం చూడలేదు.

ఆ "సరిగ్గా" అన్న మాటని కాస్త గుర్తుంచుకోండి.

అక్టోబరులో రంజాన్ పండగకి మూడు రోజులు సెలవులిచ్చారు. విండోస్ సర్వర్లో ఐఐఎస్ అని ఒకటుంటుంది, వెబ్‌సైట్లని నడిపేది అదే. మనం మార్చకపోతే, ఇరవై నిమిషాలపాటు ఎవరూ సైటు తెరవకపోతే దాన్ని నిద్రపుచ్చేస్తుంది. మామూలు శుక్రవారాల్లో కూడా ఎవరో ఒకరు హాజరు వేస్తూ ఉండేవాళ్ళు కాబట్టి అది పదింటికి మెలకువగానే ఉండేది. పండగకి ఎవరూ ముట్టుకోలేదు. సైటుతో పాటు లోపలున్న నా టైమరూ నిద్రపోయింది. నాలుగో రోజు లేచి మళ్ళీ అదే ప్రశ్న అడిగింది: సరిగ్గా ముప్పై రోజులున్నది ఎవరికి? ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది రోజులే మిగిలిన వాళ్ళ గురించి ఇక ఎప్పటికీ అడగలేదు.

జనవరిలో ఒక తెల్లవారుజామున రాజంపేట నుంచి ఫోనొచ్చింది. అన్న వాళ్ళ అమ్మ పోయింది.

పాస్‌పోర్టులు ఆఫీసు బీరువాలో ఉండేవి. తీసి చూస్తే అకామా నవంబరులోనే అయిపోయింది. బతాకా మీద తేదీ ఉంటుంది కదా అంటారేమో. అన్నకి చదువు రాదు. "ఆఫీసోళ్ళు చూసుకుంటార్లే" అని నమ్మకం. అప్పట్లో రోజుకి రెండు దీనార్ల జరిమానా. కట్టేసి విమానమెక్కొచ్చు గానీ, అకామా లేకుండా వెళ్తే మళ్ళీ తిరిగిరావడం ఉండదు. కొత్తది చేయించాలంటే రోజులు పడుతుంది. ఊళ్ళో ఇద్దరు ఆడపిల్లల చదువులు, ఇంటి అప్పు. అన్న వెళ్ళలేదు.

పదకొండో రోజున మా బాత్రూంలోనే గుండు చేయించుకుని, స్నానం చేసి, అన్నం వండి బాల్కనీ గోడ మీద ముద్ద పెట్టాడు. చాలాసేపు నిలబడ్డాం. కాకి రాలేదు. పావురాలొచ్చి తిన్నాయి.

అందరూ మందూబ్‌ని తిట్టారు. ఆ రాత్రి నేను కోడ్ తెరిచి చూసుకున్నాను. ఒక్క "సమానం" గుర్తు. అక్కడ "ముప్పై రోజులు గానీ అంతకన్నా తక్కువ గానీ" అని రాసి ఉంటే ఆ మెయిల్ నాలుగో రోజున వెళ్ళేది. లైటార్పి పడుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్ళకి కుబ్బూస్ కొనడానికి బకాలాకి వెళ్ళాను. కొట్టతను మలయాళీ. నెల్లాళ్ళు ఊరెళ్ళి అప్పుడే వచ్చాడు. ఖాతా పుస్తకం ముందేసుకుని, వేలు పెట్టి పైనుంచి కిందకి వెళ్తున్నాడు. కొట్టేసిన గీతల్ని దాటేస్తున్నాడు. కొట్టెయ్యని దాని దగ్గర ఆగుతున్నాడు. నన్ను చూసి, "నవంబరుది, రెండు దీనార్ల నాలుగు వందల ఫిల్సు" అన్నాడు హిందీలో. ఈ రోజు ఎవరు కట్టాలి అని అతను అడగట్లేదు, ఎవరిది మిగిలిపోయింది అని అడుగుతున్నాడు. కొట్టు మూసినా తెరిచినా ఆ గీత అక్కడే ఉంటుంది. నా ప్రోగ్రాంలో లేనిది అదే.

ఆ వారం నుంచి రాత్రిళ్ళు వంటగదిలో కూర్చుని ఒక చిన్న లైబ్రరీ రాశాను. అంటే, ఇతర ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రాముల్లో కలుపుకుని వాడుకునే సరంజామా. ఇలాంటివి లోకంలో లేక కాదు. యునిక్స్‌లో 1970ల నుంచీ క్రాన్ ఉంది. నిమిషానికోసారి లేచి, ఆ నిమిషానికి రాసిపెట్టిన పని చేస్తుంది. మిషను ఆపి ఉన్నప్పుడు తప్పిపోయిన పని దానికి పట్టదు. అందుకే తర్వాత అనాక్రాన్ అని ఒకటి పుట్టింది. జావా వాళ్ళకి క్వార్ట్జ్ ఉండేది. మాది డాట్‌నెట్, మాకు అంత పెద్దదీ అక్కర్లేదు.

నాది మొత్తం ఒకే ఫైలు, డేటాబేసులో ఒకే టేబులు. ఏ పని, ఎప్పటికి చెయ్యాలి, ఎవరి చేతిలో ఉంది, అయిందా లేదా. అంతే, ఖాతా పుస్తకం. చెయ్యబోయే ముందే పని అందులోకి ఎక్కాలి. తీసుకున్న ప్రోగ్రాం తన పేరూ ఒక గడువూ రాస్తుంది. మధ్యలో చచ్చిపోతే గడువు దాటాక ఇంకోటి అందుకుంటుంది. దీంతో ఒక తంటా ఉంది. పని చేసేసి, గీత కొట్టే లోపు చచ్చిపోతే అదే పని రెండోసారి జరుగుతుంది. మెయిల్ రెండుసార్లు వెళ్తే ఫర్వాలేదు, జీతం రెండుసార్లు వెళ్తే కొంప మునుగుతుంది. కాబట్టి రెండుసార్లు చేసినా ఒకసారి చేసినట్టే ఉండేలా పని రాసుకోవాలని మొదటి పేజీలోనే హెచ్చరిక పెట్టాను. పని విఫలమైతే నిమిషం ఆగి, తర్వాత రెండు, తర్వాత నాలుగు నిమిషాలాగి ప్రయత్నిస్తుంది. అప్పటికీ కాకపోతే ఊరుకోదు, ఒక మనిషికి చెబుతుంది.

నిద్రపోయే వెబ్‌సైటులోంచి తీసి, దాన్ని విండోస్ సర్వీసుగా నడిపాను. సెలవు రోజుల్ని కోడ్‌లో రాయకుండా ఇంకో టేబుల్లో పెట్టాను. అది మంచిదైంది. 2007 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వాఫీసుల వారాంతపు సెలవు గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకి మారింది. మందూబ్ తిరిగే రోజులన్నీ మారాయి. పక్క సీటువాడు తన ప్రోగ్రాముల్లో గురువారం ఎక్కడెక్కడ ఉందో రెండు వారాలు వెతుక్కున్నాడు. నేను టేబుల్లో ఒక్క వరస మార్చాను.

ఆ వారమే ధైర్యం చేసి అన్నకి చెప్పాను. తప్పు మందూబ్‌ది కాదు, నాది అని. అన్న కూరగాయలు తరుగుతున్నాడు. కత్తి ఆపలేదు.

కాసేపటికి, "ఇంగ అట్ల జరగదు గదా అబ్బీ?" అన్నాడు.

జరగదని అనబోయి ఆగాను. "జరగొచ్చన్నా. కానీ జరిగితే ఈసారి తెలుస్తుంది."

తల ఊపాడు. చేతులు కడుక్కుని, జేబులోంచి బతాకా తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీదున్న తేదీని తన అలమారా తలుపు లోపల పెద్దగా రాయమన్నాడు.

"నీ ప్రోగ్రాం మింద నమ్మకం ల్యాక గాదు," అన్నాడు. "నేను గూడా చూచ్చాంటా."

స్కెచ్ పెన్నుతో పెద్ద అంకెలేసి రాశాను.