ఎన్ని మెట్లు?

మోకాళ్లు అరిగిపోయిన మనిషిని వెంటబెట్టుకుని ఏదైనా చూడ్డానికి బయల్దేరేవాళ్లు ముందు అడిగేది ఒకటే: ఎన్ని మెట్లు? సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. "ఎక్కువేం లేవండీ, ఒకటో రెండో" అంటారు. అబద్ధం చెప్పాలని కాదు. రోజూ ఎక్కిదిగే కాళ్లకు మెట్లు గుర్తుండవు.

అమ్మ వేసవిలో ఇంగ్లండ్‌కు, బర్మింగ్‌హామ్‌లోని మా ఇంటికి వచ్చింది. కర్ర సాయంతో పది పదిహేను అడుగులు వేస్తుంది, ఆ పైన వీల్‌చైరే. మొదట తీసుకెళ్లిన ఓ పాత బంగళాలో, ఫోన్‌లో చెప్పిన "ఒకటి రెండు" పదకొండయ్యాయి. పట్టుకోవడానికి కడ్డీ లేదు. సరే, తోటైనా చూద్దామంటే దారంతా కంకర. కంకరలో వీల్‌చైర్‌ను ముందుకు తోస్తే ముందున్న చిన్న చక్రాలు కూరుకుపోతాయి. వెనక్కి తిప్పి, పెద్ద చక్రాల మీద కొంచెం వాల్చి, లాక్కుంటూ పోవాలి. ఆ కిటుకు నాకప్పటికి తెలియదు. కార్లో కూర్చుని పులిహోర తిని వచ్చేశాం. "గోడలైతే మంచిగున్నయ్ బిడ్డా" అంది అమ్మ. ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు.

రెండోసారి స్నోస్‌హిల్ మానర్‌కు వెళ్లాం. గ్లాస్టర్‌షైర్‌లో, కాట్స్‌వోల్డ్ కొండల మీద ఉంది. మానర్ అంటే ఏందని అమ్మ అడిగితే "గడీ" అన్నాను. చుట్టూ పొలాలు, నడుమ దొర ఇల్లు. ఇంతకంటే దగ్గరి మాట నాకు తెలియదు. అమ్మ ముఖం మారింది. గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు విడిచి చేత పట్టుకోవాల్సిందేనని వాళ్లమ్మ చెప్పేదట. లోపల ఎట్లుంటదో ఆమె చూడనేలేదు.

ఈ ఇంటికి చాలామంది యజమానులు. మఠం చేతిలో ఉన్నదాన్ని తీసుకుని ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ తన రాణి క్యాథరిన్ పార్‌కు ఇచ్చాడు. 1919లో చార్లెస్ వేడ్ అనే ఆయన కొనేనాటికి పాడుబడి ఉంది. సెయింట్ కిట్స్ దీవిలోని కుటుంబపు చెరకు తోటల డబ్బు ఆయనది. ఆ తోటల్లో బానిసల చెమట ఉంది, గడీల వెనక వెట్టి ఉన్నట్టే. ఇంత అందం చూస్తున్నప్పుడు అది మరిచిపోకూడదు. వేడ్ జీవితమంతా పనిముట్లు, ఆటవస్తువులు, కవచాలు సేకరించాడు. 22 వేలకు పైగా ఉన్నాయి. ఇల్లంతా వాటికే ఇచ్చి, తాను ముంగిట్లోని చిన్న ఇంట్లో, కరెంటు లేకుండా బతికాడు. 1951లో అన్నీ, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్‌కు అప్పగించాడు.

ఈసారి ఫోన్ చేసినప్పుడు అవతలి ఆవిడ నింపాదిగా చెప్పింది. టికెట్ల దగ్గర్నుంచి ఇంటికి అర కిలోమీటరు. తోట కొండవాలున అంచెలంచెలుగా ఉంటుంది, అంచెకూ అంచెకూ మధ్య మెట్లు. పై అంతస్తులకు లిఫ్ట్ లేదు. తోడు వచ్చేవాళ్లకు టికెట్ అక్కర్లేదు. విన్నాక వెళ్లాలా వద్దా అన్నది అమ్మే తేల్చుకుంది. ఆ తేల్చుకునే వీలే మాకు కావలసింది. జాలి కంటే అది గొప్ప మర్యాద అని నా అభిప్రాయం.

పైన ఒక గదికి వేడ్ పెట్టిన పేరు "నూరు చక్రాలు". పాతకాలపు సైకిళ్లు, పిల్లల బళ్లు, బండ్ల నమూనాలు అందులో ఉన్నాయి. అమ్మ కుర్చీకున్న నాలుగు చక్రాలకు మాత్రం అక్కడికి దారి లేదు. అన్ని వందల ఏళ్ల చెక్క మెట్లను కూలగొట్టి లిఫ్ట్ పెట్టమని నేనడగను. కింద ఉన్న ఒక పెద్దావిడ, అక్కడి వాలంటీరు, అమ్మ పక్కన కూర్చుంటానంటే నేనొక్కదాన్నీ ఎక్కి, గదిగదికీ ఫోన్‌లో ఫొటోలు తీసుకొచ్చాను.

మసక వెలుతురులో నిలబడ్డ జపాన్ యోధుల కవచాలను అమ్మ ఇట్టే దాటేసింది. ఒక ఫొటో దగ్గర వేలు ఆగింది. "గిది రాట్నం గదా!" మాది నేత ఇల్లు. ఏడెనిమిదేళ్ల వయసు నుంచే అమ్మ కండెలు చుట్టేది. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి పోగు ఎలా వదలాలో గాలిలోనే చేసి చూపించింది. పోగు తెగితే ఎలా అతకాలో కూడా. పెద్దావిడ కళ్లద్దాలు సవరించుకుని దగ్గరికి వంగింది, తనూ చెయ్యి తిప్పి చూసింది. ఒకరి భాష ఒకరికి రాదు. నేను అనువదించబోతే అమ్మ ఆగమని సైగ చేసింది.

తోటలో పై అంచె వరకే వెళ్లగలిగాం. తలుపులకూ బల్లలకూ వేడ్ వేయించిన నీలిరంగు ఇప్పటికీ అలాగే ఉంచారు. కిందికి చూస్తే పావురాల గూడు, రాతి గోడలు, ఆ పైన గొర్రెలు మేసే కొండ. నేను నిలబడి ఆ కొండనే చూస్తున్నాను. అమ్మ, కుర్చీ ఎత్తులో, గోడ సందులో మొలిచిన చిన్న పువ్వునీ దాని మీది తేనెటీగనీ చూస్తోంది.

"అప్పట్ల గడీలకు మనల్ని దొరలు రానియ్యకపోదురు," అంది కాసేపటికి. "వీళ్లు రమ్మన్నరు గానీ మెట్లు రానియ్యలే. అయినా సరే, మల్ల వద్దాం."

మన దేశంలోనూ వికలాంగుల హక్కుల కోసం 2016 నాటి చట్టం ఉంది. ర్యాంపులు రావాలి, గట్టిగా అడగాలి. అవి వచ్చేలోగా డబ్బు అక్కర్లేని పని ఒకటుంది. మీ ఊళ్లో కోటో, గడీయో, గుట్ట మీద గుడో ఉంటే ఈ ఆదివారం వెళ్లి మెట్లు లెక్కపెట్టండి. కడ్డీ ఏ వైపుందో, కూర్చోవడానికి అరుగు ఎంత దూరమో, బాత్రూం గడప ఎంత ఎత్తో చూడండి. అవన్నీ ఒక బోర్డు మీద రాసి గేటు దగ్గర పెట్టించండి.