ఆధారానికి తగిన ఆధేయం

ఏ శాస్త్రాన్ని ఆరంభించాలన్నా ముందుగా అనుబంధ చతుష్టయాన్ని విచారించడం మన సంప్రదాయం. అధికారి ఎవరు, విషయం ఏది, సంబంధం ఎట్టిది, ప్రయోజనం ఏమి అనే నాలుగు ప్రశ్నలకు సమాధానం లభించిన పిమ్మటనే అధ్యయనం మొదలవుతుంది. ఈ విచారం గ్రంథాలకే పరిమితం కాదు. కంపెనీ బిగించి అమ్మిన డెస్క్‌టాప్ కంప్యూటరులో ప్రాసెసరును మార్చడమనే లౌకిక కార్యానికి సైతం ఇది చక్కగా అన్వయిస్తుంది.

సికింద్రాబాదులో ఒక విశ్రాంత సంస్కృతాధ్యాపకుడు తమ గురువుగారు ఏనాడో ముద్రింపించిన వ్యాఖ్యాన గ్రంథాలను పునరుద్ధరిస్తున్నారు. పుటలను స్కాన్ చేసి, టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో ఆ చిత్రాలలోని అక్షరాలను పాఠంగా మార్చి, దోషాలను దిద్దడం వారి నిత్యకృత్యం. కాగితం శిథిలమవుతున్నది, వారి కంటిచూపు కూడా క్షీణిస్తున్నది. 2016లో కొన్న వారి కంప్యూటరు ఒక్కొక్క గ్రంథానికి రాత్రంతా తీసుకొనేది.

విదేశంలో ఉన్న కుమారుడు, "నాన్నగారూ, కొత్తది కొని పంపుతాను, ఆ పాతదానితో మీకెందుకీ శ్రమ?" అన్నాడు. "దీని శక్తి ఎంతో తెలియకుండా దీనిని త్యజించడం న్యాయం కాదు నాయనా" అన్నారు ఆయన.

ప్రథమ విచారం ప్రయోజనం గురించి. మందగమనానికి కారణం ఎల్లప్పుడూ ప్రాసెసరే కానక్కరలేదు. యంత్రం తెరుచుకొనడంలో జాప్యం జరిగితే తరచుగా కారణం పాత హార్డ్ డిస్కు. అక్కడ ఎస్‌ఎస్‌డి అమర్చితే చాలు. అనేక పనులు ఒకేసారి తెరచినప్పుడు స్తంభిస్తే ర్యామ్ చాలడం లేదని గ్రహించాలి. అధ్యాపకుడు టాస్క్ మేనేజరును తెరచి పరిశీలించారు. అక్షరాలను గ్రహించే వేళ డిస్కు విశ్రాంతిగా ఉన్నది, ర్యామ్ మిగిలే ఉన్నది. ప్రాసెసరు మాత్రం నూటికి నూరు పాళ్లు శ్రమిస్తున్నది. అది ఇంటెల్ కోర్ ఐ3-6100. దానిలో ఉన్నవి రెండే కోర్లు. ప్రయోజనం నిర్ధారితమైంది.

రెండవది సంబంధ విచారం. పలువురు భ్రమపడేది ఇక్కడనే. సీటీసీలో ఒక దుకాణదారుడు ఆరు కోర్లు గల ఎనిమిదవ తరం ప్రాసెసరును చూపి, "మాస్టారూ, సాకెట్టు ఒకటే, చక్కగా కూర్చుంటుంది" అన్నాడు. అతడు చెప్పినది అసత్యం కాదు. రెండింటి సాకెట్టూ ఎల్‌జీఏ 1151. కాని 2017 అక్టోబరులో వచ్చిన ఆ తరానికి 300 శ్రేణి చిప్‌సెట్టు అవసరం. ఆరవ తరపు మదర్‌బోర్డుపై అది కూర్చుంటుందే గాని పనిచేయదు. 'నిప్పుతో తడుపుతున్నాడు' అనే వాక్యంలో వ్యాకరణదోషం లేదు; అయినా యోగ్యత లోపించడంచేత అర్థబోధ కలుగదని ఆయన ఎన్నో ఏళ్లు విద్యార్థులకు బోధించారు. ఆ పాఠం ఇప్పుడు దుకాణంలో ఉపకరించింది.

మూడవది అధికార విచారం. క్రొత్త ప్రాసెసరు భారాన్ని వహించే అర్హత ఆ పెట్టెకు ఉన్నదా? ఇట్టి కంప్యూటర్లలో పవర్ సప్లై, కూలరు మొదటి ప్రాసెసరుకు సరిపడినంతే ఉంటాయి. బయోస్ సైతం తయారీదారు అనుమతించిన ప్రాసెసర్లనే గుర్తిస్తుంది. పాతది 51 వాట్లది. ఐ7-6700కె 91 వాట్లది. ఆ చిన్న పెట్టెకు అది అతిభారం. ఐ7-6700 మాత్రం 65 వాట్లది, నాలుగు కోర్లది. తయారీదారే ఇదే మోడలును ఆ ప్రాసెసరుతో కూడా అమ్మి ఉండడం కంటే బలమైన ప్రమాణం వేరొకటి అక్కరలేదు. వాడినదే అయినా అదే కొన్నారు.

ఇక కార్యం స్వల్పం. ముందుగా బయోస్‌ను నవీకరించారు; పాత ప్రాసెసరు పనిచేస్తుండగానే అది జరగాలి. విద్యుత్తు తీగను తొలగించి, స్థిర విద్యుత్తు పోవడానికి లోహపు చట్రాన్ని తాకారు. కూలరును మెల్లగా విప్పి, ఎండిన థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచారు. మూల త్రిభుజపు గుర్తును సరిచూసి, ఏమాత్రం ఒత్తిడి లేకుండా ప్రాసెసరును సాకెట్టులో ఉంచారు. సాకెట్టులోని సన్నని పిన్ను ఒక్కటి వంగినా బోర్డు నిరుపయోగం కావచ్చు. బఠాణీ గింజంత పేస్టు వేసి కూలరును బిగించారు.

రాత్రంతా సాగిన పని సుమారు సగం కాలంలో ముగియసాగింది. అయితే ప్రాసెసరు మారినంత మాత్రాన యంత్రపు ఆయుర్దాయం మారలేదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరం నుండే అధికారికంగా అంగీకరిస్తుంది. ఆయన ఆ యంత్రాన్ని లినక్స్‌కు మార్చుకొన్నారు.

అప్పుడు వేరొక పరిమితి గోచరించింది. పుటలు వేగంగా సిద్ధమవుతున్నవి, దిద్దే కన్నులు మాత్రం పూర్వవేగంతోనే సాగుతున్నవి. ఆ లోపానికి అంగడిలో ఔషధం లేదు. కొత్త కంప్యూటరు పంపుతానన్న కుమారునికే ఆయన ఇప్పుడు ప్రతిరాత్రి పది పుటలు పంపుతున్నారు. బాల్యంలో ఆ పాఠాలను వింటూ పెరిగిన అతడు వాటిని దిద్ది తెల్లవారేలోగా తిరిగి పంపుతున్నాడు.

ఏ సాధనలోనైనా సాధకుడు ముందుగా విచారించవలసినది ఇదే: అవరోధం నిజముగా ఎక్కడ ఉన్నది? దానిని గుర్తించిన పిమ్మట అల్పద్రవ్యం, అల్పప్రయత్నం చాలును. గుర్తించనినాడు ఎంత వెచ్చించినా ఆధారం అంగీకరించని ఆధేయమే చేతికి మిగులుతుంది.