అరచేతికి తెలిసిన సంగతి

మా 1984 మోడల్ కారు ఎడమకి లాగుతోందంటే మావారు “రోడ్డు వాలులే” అంటారు. చదును రోడ్డు మీదా లాగుతోందే! పాత బండి తన ఒంటినొప్పులన్నీ నడిపేవాళ్ళ అరచేతికే చెప్పుకుంటుంది. పక్కకి లాగితే ముందు టైర్లలో గాలి చూడాలి, ఆపైన ఎలైన్‌మెంటు. 60 కిలోమీటర్ల వేగం దాటగానే స్టీరింగు వణికితే వీల్ బాలెన్సింగు. తిప్పడం బరువైతే గాలి తగ్గిందో, గ్రీజు ఎండిందో. నాలుగు వేళ్ళ మేర తిప్పినా ముందు చక్రాలు చలించకపోతే మాత్రం బండి గడప దాటకూడదు. ఒకరు స్టీరింగు ఇటూ అటూ ఆడిస్తుంటే ఇంకొకరు వంగి చూస్తే, టై రాడ్ చివర అరిగిన చోట వదులు కంటికే కనిపిస్తుంది. ఇంజను చెడితే కారు ఆగిపోతుంది. స్టీరింగు చెడితే ఆగదు. భయమంతా అక్కడే! కుక్కరు కూతలో తేడా పట్టే మనకి, చేతిలో వణుకు తెలియదుటండీ?