వినిపించనిది గుర్తుండేదెలా?

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉప్పు అడిగితే పప్పు తెచ్చిస్తున్నారా? "పెద్దతనం కదా, మతిమరుపు!" అని నవ్వేసి ఊరుకుంటున్నారా? అయితే ఈ నాలుగు మాటలూ మీకోసమే. అలా నవ్వినవాళ్ళలో నేనూ ఒకదాన్ని మరి.

మా అత్తగారికి డెబ్భై రెండేళ్ళు. ఆవకాయ కొలతలు నోటిమీదే చెప్పే మనిషి. అలాంటిది, ఏం చెప్పినా గుర్తుండటం లేదనిపించింది. "నిన్ననే చెప్పాను కదా అత్తయ్యా!" అని విసుక్కునేదాన్ని. పోనుపోను చెప్పడమే మానేశాం. పిల్లలైతే "నానమ్మకి చెప్పినా ఒకటే" అనేశారు. ఆవిడ మూల కుర్చీలో కూర్చుని, మేం నవ్వితే తనూ నవ్వేవారు.

చివరికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన థైరాయిడ్, బి-12 రక్తపరీక్షలతో పాటు చెవుల పరీక్ష కూడా రాశారు. తీరా చూస్తే రెండు చెవులూ బాగా మందగించాయి! "వినిపించని మాట గుర్తుండేదెలా అమ్మా?" అన్నారాయన. సిగ్గుతో తల దించుకున్నాను.

అంతటితో అయిపోలేదు. వినికిడి తగ్గినవాళ్ళకి మున్ముందు నిజంగానే మతిమరుపు జబ్బు, అదే డిమెన్షియా, వచ్చే అవకాశం ఎక్కువట. 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నిపుణుల సంఘం ఈ జబ్బుకు దోహదం చేసే 14 అంశాలను పేర్కొంది. వినికిడి లోపం, బి.పి., షుగరు, చెడు కొలెస్టరాల్, పొగతాగడం, చూపు మందగించడం, ఒంటరితనం వాటిలో కొన్ని. అన్నింటినీ అదుపు చేయగలిగితే దాదాపు నూటికి 45 కేసులను ఆపడమో, ఆలస్యం చేయడమో వీలవుతుందని అంచనా.

చెవి మిషను పెడితే చాలా అంటే, అదేం మంత్రం కాదు. అమెరికాలో 977 మంది వృద్ధులను మూడేళ్ళు పరిశీలించి 2023లో ఫలితాలు చెప్పారు. మొత్తం మీద తేడా కనబడలేదు. కానీ ముప్పు ఎక్కువున్న వాళ్ళలో మాత్రం జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గే వేగం సగానికి సగం తగ్గింది.

"చెవిటిదాన్నని ఊరంతా చాటుతావా?" అని అత్తగారు ముందు ఒప్పుకోలేదు. పెట్టుకున్న కొత్తలో గిన్నెల చప్పుడుకే ఉలిక్కిపడేవారు. రోజుకో గంట చొప్పున పెంచుతూ అలవాటు చేశాం.

మీరూ ఒక్కసారి చెవిలో గులిమి ఉందేమో చూపించండి, వినికిడి పరీక్ష చేయించండి. టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని, అరవకుండా నిదానంగా మాట్లాడండి. నలభై దాటిన మనం కూడా బి.పి., షుగరు చూపించుకోవాలి సుమా!

మొన్న ఆవకాయకి ఉప్పు ఎంతెయ్యాలో మా చెల్లెల్ని ఫోనులో అడుగుతున్నాను. మూల కుర్చీలోంచి గొంతు వినిపించింది.

"దాన్నెందుకే అడగడం? నేను లేనూ?"