టాంకుల ఆటలో తెలుగు మాట

భాష పుస్తకములలో నుండుట వేరు, నోటిలో నుండుట వేరు. షోలాపూరులోని తెలుగువారము ఈ భేదమును తరతరములుగా చూచుచున్నాము. మన పెద్దలు కరీంనగరము, నల్లగొండ, మహబూబునగరము మొదలగు ప్రాంతములనుండి మగ్గముపని వెదకికొనుచు వచ్చి ఇచ్చట స్థిరపడిరి. బడిలో మరాఠీ, ఇంటిలో తెలుగు. ఇది మన పేటల నడవడి. ఇంటి తెలుగును నిలిపిన వేవి యని అడిగినచో, శ్రావణ పూర్ణిమనాటి మార్కండేయ రథోత్సవమును, పెండ్లిపాటలను, సాంచాలను పెద్దలు పేర్కొందురు. అది నిజమే. వాటి ప్రక్కన మేము ఒక వీడియో ఆటను గూడ చేర్చదలచితిమి. పాఠకులు నవ్వినను నవ్వవచ్చును. కాని కొంచెము వినవలెను.

ఆ ఆట పేరు ‘బాటిల్ సిటీ’. మన పిల్లలకు మాత్రము అది ‘టాంకుల ఆట’. జపాను దేశపు నామ్కో సంస్థ 1985లో దీనిని వెలువరించెను. టీవీకి తగిలించుకొని ఆడు ‘ఫామికామ్’ అను పెట్టెను నింటెండో సంస్థ 1983లో అచ్చట అమ్మకమునకు పెట్టియుండెను. ఈ ఆట దానికొరకు తయారైనది. మన పేటలలోనికి వచ్చినవి ఆ పెట్టెకు నకళ్ళు. 1990ల దశకమున అవి మధ్యతరగతి ఇండ్లకు అందుబాటులోనికి వచ్చెను. అరచేతిలో ఇముడు కార్ట్రిడ్జి మీద 64 ఆటలనియో, వేలకొలది ఆటలనియో అచ్చువేసి యుండెడిది. త్రిప్పి చూచిన అవే ఆటలు మరల మరల వచ్చెడివి. వాటిలో టాంకుల ఆట యున్నదా లేదా యన్నదే పిల్లలకు ముఖ్యము.

ఆట చెప్పుట సులభము, గెలుచుట కష్టము. తెరమీద అడ్డముగా 13, నిలువుగా 13 గళ్ళ మైదానము. అందు ఇటుకగోడలు, ఉక్కుగోడలు, నీరు, పొదలు కలసి చిక్కుదారులుగా నుండును. క్రిందివైపు నడుమ ఇటుకల చాటున ఒక గద్ద బొమ్మ. ఒక్కొక్క దశలో 20 శత్రుటాంకులు పైనుండి కొన్నికొన్నిగా దిగును. గద్ద కూలినచో ఆట ముగిసినట్లే. మన గుండు తగిలినను అది కూలును. ఇద్దరు కలసి ఆడునప్పుడు ఒకరి గుండు రెండవవానికి తగిలినచో, వాని టాంకు కొంతసేపు కదలక నిలిచిపోవును. ఇట్టివి 35 దశలు. శత్రువును కొట్టుటకంటె ఇంటిని కాచుకొనుట, తోడివానికి అడ్డుపడకుండుట ఇందు ప్రధానము.

మేము అప్పుడొక నూలు దుకాణములో గుమాస్తాగా లెక్కలు వ్రాయుచుంటిమి. మా యింటి ముందుగది పదడుగుల పొడవు. గోడకావల సాంచాలు చప్పుడు చేయుచుండును. ఇంటావిడ చేట ముందు పెట్టుకొని బీడీలు చుట్టుచుండెడిది. కుమారులిద్దరు టీవీ యెదుట కూర్చుండెడివారు. బడి పాఠములు మరాఠీలో వల్లించు ఆ పిల్లలే, తెరమీది ఆంగ్లాక్షరములు చూచుచునే, టాంకులు దిగగానే తెలుగులోనికి దిగెడివారు.

“అన్నా, పైకెల్లి వస్తున్నది, నువ్వు గద్ద కాడ ఉండు!”

“జరుగు రా తమ్ముడూ, నా గుండు తగుల్తది!”

బీడీలు చుట్టుచున్న తల్లియు తల యెత్తి, “ఎడమదిక్కు చూడు బిడ్డా!” అని హెచ్చరించెడిది.

ఇంతకంటె వింత యేమనగా, ఆటకు కావలసిన మాటలను పిల్లలు మగ్గమునుండి తెచ్చుకొనిరి. టాంకు పోయినచో ‘పోగు తెగింది’. కదలక నిలిచిపోయినచో ‘నాడె ఇరుక్కున్నది’. ఉన్న టాంకులన్నియు అయిపోయినచో ‘కండె అయిపోయింది’. ఆట ముగిసినచో ‘సాంచా బంద్’. ఈ మాటలను వారికెవరును నేర్పలేదు. గోడకావలినుండి దినమెల్ల వినబడినవే నోటికి వచ్చెను.

మా గల్లీలో చాదరులకు నమూనాలు గీయు పెద్దాయన యొకరు ఒకనాడు ఆ తెరను చాలసేపు చూచి, “ఇది గళ్ళ కాగితమే కదా!” అనిరి. ఆయన మాట యథార్థము. జాకార్డు చాదరు నమూనాను ముందు గళ్ళ కాగితముమీద గీసి, గడి గడికి లెక్కకట్టి, అట్టలకు రంధ్రములు కొట్టుదురు. రంధ్రమున్నచోట పడుగుపోగు లేచును, లేనిచోట లేవదు. ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున జాకార్డు 1804 ప్రాంతమున సిద్ధపరచిన పద్ధతి ఇది. రంధ్రముల అట్టలతో యంత్రమునకు ఆజ్ఞలిచ్చు ఆలోచనను తరువాత బాబేజీ తన గణనయంత్రమునకు గ్రహించెను. తెరమీది టాంకు కూడ 16 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు గల నమూనాయే. కనుక ఆ ఆట మన పేటకు మరీ పరాయిది కాదు.

నేడు సాంచాలు తగ్గినవి. చదువుకొన్న పిల్లలు పూణే, హైదరాబాదు చేరుచున్నారు. ఎవరి ఫోను వారిది, ఎవరి ఆట వారిది. పూణేలో పెరుగుచున్న మా మనుమరాలికి తెలుగు అర్థమగును గాని నోట రాదు. గత వేసవి సెలవులలో అటువంటి చవుక పెట్టె నొకదానిని కొని, రెండవ చేతిపిడిని మేమే పట్టితిమి. మొదటి దినమున ఆమె మరాఠీలోనే అరచెను. మేము తెలుగులోనే బదులు చెప్పితిమి. వారము గడచునప్పటికి, “తాతా, గద్ద కాడ ఉండు!” అని మమ్ము గద్దించెను. అక్షరములు చెప్పి కూర్చుండబెట్టిన గంటలలో రాని మాట, గద్ద కూలునన్న తొందరలో వచ్చెను.

ఈ ఆటనే అందరు ఆడవలెనని మా యభిప్రాయము కాదు. మగ్గముమీద భాష నిలిచినది, ఇద్దరు కలసి చేయు పనికి అది అవసరమైనందుననే. ఆ పని పోవుచున్నది. దాని స్థానమున వంటయో, ఆటయో, పెద్దలు పిల్లలు కలసి చేయు పని యేదియో ఒకటి ప్రతి యింట ఉండవలెను. తెలుగు రాదని పిల్లలను నిందించుటకు ముందు, తెలుగుతో గాని సాగని పని యొకటి వారి చేతికిచ్చి, వారి ప్రక్కన మనమును కూర్చుండుట ధర్మము.