డైనమో మీద పడ్డ నింద

జూన్ 3, 2025, మంగళవారం

రోహిణి కార్తె ఇంకా పోలేదు. ఆటోనగర్‌లో పొద్దున పదింటికే బానెట్ ఎత్తితే మొహానికి సెగ కొడుతోంది. ఈ ఎండలకు బ్యాటరీలు చచ్చేమాట నిజమే. కానీ ఎండ పేరు చెప్పి మార్పించేవన్నీ చచ్చినవి కావు.

గుడివాడ నుంచి ట్యాక్సీ కుర్రాడొకడు వచ్చాడు. డీజిల్ బండి, రాత్రిళ్లు గన్నవరం ఎయిర్‌పోర్టు ట్రిప్పులు. కొత్త బ్యాటరీ వేయించాడట, నెల తిరక్కుండా డౌన్. వేరే షాపులో డైనమో మార్చారు. మళ్లీ అదే కథ. "మేస్త్రీ, ఇంక పెట్టడానికి నా దగ్గర డబ్బుల్లేవు" అన్నాడు. ఆ మాట విన్నాక మీటరు తప్ప ఇంకేదీ చేతిలోకి తీసుకోబుద్ధి కాలేదు.

ముందు బ్యాటరీకి నిండా ఛార్జింగ్ పెట్టాను. దించాక కొంతసేపు వదిలేసి చూస్తే 12.6 వోల్టులు. దానికేం రోగం లేదు. ఇంజను స్టార్ట్ చేయించి, ఏసీ, హెడ్‌లైట్లు అన్నీ వేయించి బ్యాటరీ టెర్మినళ్ల మీద చూస్తే 13.1. ఈ అంకె చూసే కదా డైనమో పోయిందన్నారు! అదే లోడు మీద డైనమో వెనక బోల్టు దగ్గర పెడితే 14.2. అది చేయాల్సిన పని చేస్తూనే ఉంది. వోల్టేజి దారిలో పోతోంది.

ఎర్త్ వైపు నష్టం దాదాపు లేదు. ప్లస్ వైపు ఒక్కో జాయింటూ దాటుకుంటూ వస్తే మెయిన్ ఫ్యూజు దగ్గర దొరికింది. లగ్గు కింద పచ్చటి చిలుము, పక్కన ప్లాస్టిక్కు కమిలిపోయి ఉంది. ఒక్క వోల్టు పైచిలుకు అక్కడే ఆగిపోతోంది. 40 ఆంపియర్లు పారుతుంటే 40 వాట్లకు పైగా వేడి ఆ ఒక్క చోట పుడుతుంది. బ్యాటరీ టెర్మినల్ విప్పి, పాత లగ్గు తీసేసి, శుభ్రంగా గీకి, కొత్తది కొట్టి బిగించాక బ్యాటరీ దగ్గర 14 వచ్చింది.

లగ్గు ఖరీదెంత, ఆ కుర్రాడు పోసిన డబ్బెంత! కడుపు మండిపోయింది. వోల్టేజి డ్రాప్ చూడటానికి పది నిమిషాలు పట్టదు. లోడు వేసి చూడాలి, అంతే. కరెంటు పారకపోతే చెడ్డ జాయింటు కూడా మంచిదానిలాగే కనిపిస్తుంది.

జూన్ 5, గురువారం

రిటైరైన మాస్టారి కారు. రెండు రోజులు కదపకపోతే సెల్ఫ్ తిరగడం లేదు. మా షాపు చిన్నోడు మీటరు పెట్టి "13.9 ఉందన్నా, ఛార్జింగ్ బాగానే ఉంది" అన్నాడు. రాత్రిపూట డ్యాష్‌బోర్డులో బ్యాటరీ గుర్తు మసకగా వెలుగుతోందని మాస్టారు చెప్పారు. నాకు ఆ ఒక్క మాట చాలు.

మీటరును ఏసీ వోల్టులకు తిప్పించాను. 0.9. అర వోల్టు దాటిందంటే డయోడ్లనే అనుమానించాలి. డైనమోలో పుట్టేది ఏసీ, దాన్ని డీసీగా మార్చేది డయోడ్లు. వాటిలో ఒకటి షార్టయితే బండి ఆపాక బ్యాటరీ కరెంటు అటు వెనక్కి పారుతుంది. ఇంజను ఆపించి, మైనస్ వైపు మీటరు వరసలో కలిపి, తలుపులు లాక్ చేసి, లోపలి కంప్యూటర్లు నిద్రపోయేదాకా కూర్చున్నాం. 0.4 ఆంపియర్. మామూలుగా 0.05 లోపే ఉండాలి. బ్యాటరీ విప్పి, డైనమో వైరు ఊడదీసి, మళ్లీ మీటరు కలిపి చూస్తే 0.03. ఇంక అనుమానం లేదు. 0.4 అంటే రోజుకు దగ్గర దగ్గర 10 ఆంపియర్ అవర్లు. మాస్టారిది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, ఎన్నాళ్లని తట్టుకుంటుంది?

డయోడ్ ప్లేటు మారిస్తే సరిపోతుందని, డైనమో మొత్తం అక్కర్లేదని మాస్టారికి చెప్పాను.

జూన్ 6, శుక్రవారం

పక్క వరసలో ఒకాయన ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి "ఆగలేదు, డైనమో బాగుంది" అంటున్నాడు. పరుగున వెళ్లి ఆపాను. పాతకాలపు డైనమోల నాటి అలవాటది. ఇప్పుడు మేం డైనమో అని పిలిచేవి నిజానికి ఆల్టర్నేటర్లు, వాటికి బ్యాటరీయే ఆసరా. అది హఠాత్తుగా ఊడితే ఆ క్షణం వోల్టేజి ఎగదన్ని డయోడ్లనూ ఇంజను కంప్యూటరునూ తినేయొచ్చు. మా చిన్నోడి చేత కూడా ఎప్పుడూ అలా చేయనని చెప్పించుకున్నాను.

జూన్ 7, శనివారం

సాయంత్రం కొత్త మోడల్ కారొకటి. పరుగులో 12.8 చూపిస్తోందని ఓనరు కంగారు. ఈ బండ్లలో ఛార్జింగును కంప్యూటరే నడుపుతుంది. బ్యాటరీ నిండి ఉంటే వోల్టేజి కావాలనే తగ్గిస్తుంది. హెడ్‌లైట్లు, బ్లోయరు వేయించగానే 14.3కి ఎక్కింది. అయినా బ్యాటరీ సెన్సరు రీడింగు చూడకుండా ఏమీ చెప్పనన్నాను. సోమవారం స్కానర్ పెట్టి చూడాలి.