పుస్తక విక్రేత చేసిన మేలు

మొన్న విజయవాడ ఏలూరు రోడ్డున నొక చిన్న పుస్తకముల యంగడికి బోయి, మా యమ్మాయికి కాలక్షేపమున కొక నవల నడిగితిని. తాను చదివి మెచ్చినదానినే యిచ్చు నా విక్రేత, క్రొత్త నవలలను ముట్టక, ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ చేతబెట్టెను. 1922లో వెలువడి, మద్రాసు ప్రభుత్వ నిషేధమునకు గురియైన గ్రంథమది.

ఇంటిల్లపాదియు జదివితిమి. ఒకనాడు అమ్మాయి యడిగెను: “నాన్నగారూ, సంగదాసు చావునకు కన్నీరు పెట్టితిమి గదా! మన పనిమనిషికి వేరు గ్లాసేల?”

నాకు మాట రాలేదు. సంస్కారిననుకొను నా వంటయింట నా గ్లాసు మా తల్లినాటినుండి యున్నది. ఆ పూటనే దానిని మా గ్లాసులలో గలిపితిమి. అడిగినది కాలక్షేపము, అంగడివాడిచ్చినది ఆత్మపరీక్ష. అట్టి యంగడులు ప్రతి యూరను నిలువవలెను.